ఖాసిం సాహెబ్ జల్లెడ

ఇబ్రహీంపట్నం బస్సు గౌలిగూడ నుంచి ఉదయం ఏడింటికి బయలుదేరుతుందని పలక మీద రాసి ఉంటుంది. అది నమ్మి నాలాగా ఆరున్నరకే వెళ్లి కూర్చోకండి. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయి. వెనక కొలిమి రాజుకునేదాకా బండి కదలదు. కండక్టరు చెమటలు కక్కుతూ కొలిమిని విసిరి విసిరి ఏడూ నలభైకి కదిలించాడు. టిక్కెట్టు ఆరణాలు. కిటికీ పక్క సీటు దొరికితే మసి ఉచితం.

నేను సుల్తాన్‌బజారులో ఒక తెలుగు మాసపత్రికకు సహాయ సంపాదకుణ్ణి. పని ఏమిటంటే ఇతరులు రాసింది దిద్దడం. ఆ పని నాకంటే బాగా చేసేవాడు నగరంలో లేడని ఆ బుధవారం ఉదయం దాకా గట్టిగా నమ్మాను. మూడేళ్లుగా మా పత్రికకు ఖాసిం సాహెబ్ అనే ఆయన విజ్ఞాన వ్యాసాలు పంపుతున్నాడు. ఒకప్పుడు నగరంలో భౌతికశాస్త్రం చెప్పేవాడనీ, ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఉంటాడనీ తప్ప ఆయన గురించి మాకేమీ తెలియదు. అక్షరం బొటనవేలంత రాసేవాడు. పుటకు ఏడెనిమిది పంక్తులు, అవీ వంకర. కాగితం కరువు రోజుల్లో ఈ దుబారా ఏమిటని సణుక్కునేవాణ్ణి. కానీ ఏం రాసేవాడు! ఉరుము గురించి ఆయన రాసింది చదివి మా అమ్మ కూడా మెరుపుకు, చప్పుడుకు నడుమ అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆ పై బుధవారం సూర్యగ్రహణం. దాని మీద ఆయన రాసిన వ్యాసం ఈ సంచికలో వేశాం. కట్టలు ప్రెస్సులోనే ఉన్నాయి, శుక్రవారం టపాకు వెళ్తాయి. తాజా ప్రతులు మూడు చంకన పెట్టుకుని, ఆయన్ని చూసి, మెప్పు పొంది రావాలని నా ప్రయాణం.

తుర్కయాంజాల్ దగ్గర బస్సు ఆగింది. బొగ్గు వేస్తుంటే అందరం దిగాం. చాయ్ తాగుతూ పక్క సీటు రైతు పలకరించాడు. మంచాల అనే ఊరివాడు, పేరు బుచ్చిరెడ్డి, యాభై ఏళ్లుంటాయి, చెవులకు పోగులు.

“ఏడికి పోతున్నవ్ పంతులూ?”

ఖాసిం సాహెబ్ దగ్గరికని చెప్పాను.

“దూదేకులోళ్ల ఖాసిం సాబా? పాపం, మస్తు మంచోడు.”

ఆ ‘పాపం’ ఎందుకో అడగాలని నాకు తోచలేదు. నా ధ్యాస నా పత్రిక మీద ఉంది. వ్యాసం చదివి వినిపించాను. చదువురాని మనిషి, నోరు తెరుచుకుని విన్నాడు. గ్రహణం నాడు గదిలో తలుపులు బిగించుకు కూర్చోనక్కర్లేదనీ, లాంతరు గాజుముక్కకు మసి పట్టించి దాంట్లోంచి హాయిగా చూడవచ్చనీ వివరించాను. ఎంత మసి పట్టాలో కూడా వేళ్లతో చూపించాను.

“గ్రహణం దాకా ఆగాల్నా?”

“ఎందుకు? సూర్యుడు రోజూ ఉంటాడుగా. ఇవాళే చూసుకో.”

“గట్లనా! అయితే ఇంటికి పోంగనే జూస్త.”

సంతోషం పట్టలేక ఒక ప్రతి ఆయన చేతిలో పెట్టేశాను. కండక్టరు కూడా ఒకటి అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాను. పదింపావుకు ఇబ్రహీంపట్నంలో దిగాం. బుచ్చిరెడ్డి మంచాల బండి ఎక్కి, పత్రిక ఊపుతూ వెళ్లిపోయాడు.

ఖాసిం సాహెబ్ ఇల్లు దొరకడం కష్టం కాదు, ఎవర్ని అడిగినా చూపిస్తారు. రెండు గదుల పెంకుటిల్లు, వసారాలో దూది ఏకే విల్లు వేలాడుతోంది. ఆయన అక్క ఇమాంబీ లోపలికి పిలిచింది. సాహెబ్ సన్నగా, తెల్లగడ్డంతో లేచి నిలబడి సలాం చేశాడు. కానీ నా ముఖం వైపు కాదు, నా భుజం పక్కన గోడ వైపు చూస్తూ. కాస్త గర్వమేమో అనుకున్నాను.

జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. అంత రుచిగా ఈ మధ్య నేను తినలేదు. తింటుంటే ఆయన తన సంగతి చెప్పాడు. దూదేకే ఇంట్లో పుట్టి, నగరంలో చదివి, వెలుతురు మీద పరిశోధనకు విలాయతులో రెండేళ్లుండి వచ్చి, పదకొండేళ్లు ఉర్దూలో పాఠాలు చెప్పాడట. తెలుగులో రాయడం మాత్రం అక్క వల్లనే వచ్చిందన్నాడు. ముందు సంగతంతా ఆమెకు చెబుతాడు. ఆమె మళ్లీ తన మాటల్లో అప్పజెబుతుంది. ఆమె చెప్పిందే రాస్తాడు. ఆమె నోట తిరగని మాట కొట్టేస్తాడు.

“గ్రహణం సంగతి నాలుగు దినాలు జెప్పించుకున్నడు బిడ్డా,” అంది ఇమాంబీ. “జర సదువు, వింట.”

పత్రిక ఆయనకే అందించబోయాను. ఆయన తల పక్కకు తిప్పి, కంటికొనతో అట్ట చూసి, “మీరే చదవండి. నాకు నడుమ ఉన్నది కనబడదు, అంచులే కనబడతయి,” అన్నాడు.

బొటనవేలంత అక్షరాలు నాకు అప్పుడు అర్థమయ్యాయి. సిగ్గుపడుతూ చదవసాగాను. మసిగాజు దగ్గరికి వచ్చేసరికి ఇమాంబీ చెయ్యి ఎత్తింది.

“ఆగు. గది మేం జెప్పలే. జల్లెడ ఏది?”

ఆయన పంపిన రాతప్రతిలో జల్లెడ నిజంగానే ఉండేది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, చిల్లుల జల్లెడ తలపైకెత్తి, నేల మీద పడే వెలుగుచుక్కల్లో గ్రహణం చూడమని రాశాడు. ఏ గాజులోంచీ సూర్యుణ్ణి చూడవద్దని రెండు పుటలు. భౌతికశాస్త్రం చదివినవాడు ముసలమ్మల జల్లెడ పట్టుకోవడమేమిటి, ఈ భయమేమిటి అనుకున్నాను. చిన్నప్పుడు నేను మసిగాజులో రెప్పపాటు చూశాను, నాకేం కాలేదు. అందుకని ఆ రెండు పుటలూ కొట్టేసి, మసిగాజు నేనే రాశాను. కింద పేరు ఆయనదే ఉంచాను.

ఈ సంగతి వాళ్లకు ఎలాగో చెప్పాను. 

“నేను పాఠాలు చెప్పేటప్పుడు కూడా ఒక గ్రహణం వస్తుండె,” అన్నాడు సాహెబ్. “పిల్లలకు మసిగాజులు పంచుదామనుకున్న. ముందు నేను చూస్తే మంచిదని, ఒకరోజు ముందుగాల గాజు పెట్టుకొని సూర్యుణ్ణి చూసిన. వంద లెక్కపెట్టేదాకా. మసి వెలుతురును ఆపుతది గాని, కనబడని వేడిని ఆపదు. కంటి వెనుక పొరకు నొప్పి తెల్వదు. నాకేం తెల్వలేదు. సాయంత్రానికి పుస్తకంల అక్షరం మాయమైంది. నౌకరి పోయింది. అయినా పిల్లలెవ్వరూ చూడలేదు పంతులుగారూ. ఒక్కరు కూడా.”

 ఆయన రెండు కళ్లు పణంగా పెట్టి తెలుసుకున్నదాన్ని నేను ఎర్రసిరా గీతతో కొట్టేశాను. ఆయన పేరుతోనే ఆ గాజును ఊరూరికీ పంపబోయాను. “మీ కళ్ల సంగతి వ్యాసంలో ఎందుకు రాయలేదు?” అని అడిగాను, తప్పులో కొంత ఆయనకు పంచుదామని కాబోలు.

“రాస్తే జాలిపడతరు. మాట వినరు.”

కట్టలు శుక్రవారం దాకా కదలవని గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణమే బుచ్చిరెడ్డి గుర్తొచ్చాడు. ఇంటికి పోంగనే జూస్త.

పొరుగింటి ఎడ్లబండి కట్టించేసరికి ఒంటిగంటన్నర. సాహెబ్, ఇమాంబీ ఇద్దరూ ఎక్కారు. ఆముదాలు జల్లించే రేకుజల్లెడ ఆమె ఒళ్లో పెట్టుకుంది. మంచాల దారి రాళ్లు, ఆముదపు చేలు తప్ప నాకేమీ గుర్తు లేదు. ఎడ్లను త్వరగా తోలమని బండివాణ్ణి ఎన్నిసార్లు విసిగించానో లెక్కలేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మబ్బు కోసం నేనంతగా ఎన్నడూ మొక్కుకోలేదు.

ఐదింటికి చేరాం. బుచ్చిరెడ్డి వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి నవ్వాడు.

“జూసిన పంతులూ! నువ్వు జెప్పినట్లే. ఎర్రగ, గుండ్రంగ, మస్తు గనిపించింది. మా ఇంటామె రేపు జూస్తనన్నది, పనుండె.” కళ్లు నులుముకున్నాడు. “గని ఏడ జూస్తే ఆడ ఒక మచ్చ. నీ మొకం మీద గూడ ఉన్నది. గది పోతదా?”

నేను సాహెబ్ వైపు చూశాను. ఆయన మంచం దగ్గర కూర్చుని, ఒక్కో కన్నూ మూయించి, వేళ్లు లెక్కపెట్టించాడు. ఎడమ కన్ను బాగుంది. కుడికంటికి నడుమ వేలు కనబడలేదు.

“కొందరికి కొన్ని నెలలకు పోతది పటేలా. కొందరికి పోదు. నాది పోలేదు.”

ఇమాంబీ గూట్లోని మసిగాజు తీసుకుని, రాయి మీద పెట్టి పొడి పొడి చేసింది. నేను బుచ్చిరెడ్డికి చెప్పాను, అది సాహెబ్ మాట కాదు, నాదేనని. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “సదువుకున్నోనివి గదా అని జూసిన,” అన్నాడు, అంతే. ఆయన భార్య మాకు మజ్జిగ తెచ్చింది. 

ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారకముందే బండి కట్టించి, గురువారం తొమ్మిదింటి బస్సు అందుకున్నాను. బస్సు దగ్గర ఇమాంబీ జల్లెడ ఎత్తి పట్టుకుని చూపించింది. మేకుతో పొడిచిన చిల్లులు నలుచదరంగా ఉన్నాయి. నేల మీద చుక్కలు మాత్రం గుండ్రం. అవి చిల్లుల ఆకారాలు కావనీ, ప్రతి చుక్కా ఒక సూర్యుడేననీ, గ్రహణం నాడు అన్నీ నెలవంకలవుతాయనీ సాహెబ్ చెప్పాడు. “గుండ్రంగ ఉన్నయా?” అని నన్నే అడిగాడు. ఉన్నాయన్నాను.

ఇబ్రహీంపట్నానికి ఎవరైనా వెళ్తే ఆ జల్లెడ చూసి రండి, అంతకంటే చూడదగిందేదీ నాకు కనబడలేదు. తిరుగు బస్సులో సూర్యుడు వెనక ఉన్నాడు, వీపుకు ఎండ తగులుతోంది. ప్రెస్సుకు వెళ్లి కట్టలు విప్పించాలి, ఆ పుట చింపించాలి. పెన్సిలు తీసి, పత్రికలో పెట్టే సవరణ చీటీకి ముసాయిదా మొదలుపెట్టాను. మొదట ‘ముద్రణ దోషం’ అని రాశాను. అది కొట్టేసి ‘సహాయ సంపాదకుడి తప్పు’ అని రాశాను.

నిన్నటి కండక్టరే వచ్చాడు. “పుస్తకం ఇస్తనంటివి?”

ఇవ్వలేనని చెప్పి, జల్లెడ మాట వినిపించాను. ఇమాంబీ పద్ధతిలో, మళ్లీ చెప్పమన్నాను.

“పొద్దుకు వీపు వెట్టాలె. జల్లెడ వట్టాలె. నేలను జూడాలె, పొద్దును జూడొద్దు. అవ్, గింతేనా?” టిక్కెట్టు చింపి నా చేతిలో పెట్టాడు. “గింత సిన్న మాట ముందుగాల్నే రాస్తే నీదేం బోయె పంతులూ?”