ఖాళీ స్లైడు మీద ఆకుపచ్చ వేలిముద్ర

చచ్చిన కణాలు వెలుగుతున్నాయని పై అధికారికి ఫోన్ చేసి చెప్పి, ఉద్యోగం ఊడగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదుగో, నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురంలో ఒక పట్టుపురుగుల పరిశోధనశాలలో ఏడాది ఒప్పందం మీద చేరాను. కణాల లోపల చెరుపు చేసే ఆక్సిజన్ పుడితే ఆకుపచ్చగా వెలిగే రంగు ఒకటి ఉంది. ఎండకు అల్లాడిన పురుగు రక్తకణాలు వెలగాలి, హాయిగా ఉన్నవి చీకటిగా ఉండాలి. అది చూపిస్తేనే నా ఒప్పందం పొడిగిస్తామన్నారు మా మేడమ్.

శుక్రవారం కొత్త స్లైడ్లు వచ్చాయి. చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి, నీలి దీపం వేసి చూస్తే ఎండ తగిలినవీ వెలిగాయి, తగలనివీ వెలిగాయి. వేడినీళ్లలో చంపిన కణాలు పెట్టాను. అవీ వెలిగాయి. నా తెలివి చూడండి, అదేదో గొప్ప విషయమనుకుని వెంటనే మేడమ్‌కు ఫోన్ చేశాను. సోమవారం వచ్చి చూస్తానన్నారు.

మా అటెండరు ఓబులేసుకు మాత్రం అనుమానమే లేదు. "ఉడకబెట్టిన పురుగుల ఉసురమ్మా ఇది. యాడికి పోతాది? ఈడనే ఉండాది. కావాలంటే ఏమీ వేయకుండా వట్టి గాజుబిళ్ల పెట్టి చూడు. అది గూడా వెలిగితే నేను రేపట్నుంచి రాను."

పెట్టాను. కణం లేదు, రంగు లేదు. అయినా చీకట్లో వంకర గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అది ఎవరిదో వేలిముద్ర. సంతకం చెయ్యడం రాని దయ్యం! స్లైడు తీయబోయాను. నీలి వెలుగులోకి వచ్చిన నా బొటనవేలు కూడా అదే ఆకుపచ్చగా వెలిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త వస్తువుకు పసుపు పెట్టకుండా వాడకూడదని అమ్మ చెప్పిందని పొద్దున స్లైడ్ల పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టి, ఆ వేళ్లతోనే స్లైడ్లన్నీ ఒక్కొక్కటే తుడిచాను. పసుపు కూడా నీలి వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుందని ఆ రోజే తెలిసింది.

సోమవారం మేడమ్‌కు తలవంచుకుని అంతా చెప్పాను. ఆవిడ, "వట్టి స్లైడు పెట్టి చూడాలని తోచిందే, అదీ సైన్సంటే," అని ఇంకో ఏడాది పొడిగించారు. ఆ సైన్సు ఓబులేసుదని నేను చెప్పలేదు. ఆయన మాత్రం అన్న మాట ప్రకారం మూడు రోజులు రాలేదు.

అందుకే ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో స్లైడ్ల పెట్టెకే కాదు, సూక్ష్మదర్శినికి కూడా పసుపు పెట్టను. దూరం నుంచి దణ్ణం మాత్రం పెట్టుకుంటాను, అదీ చేతులు కడుక్కున్నాకే.