ఐదో మెట్టు మీద తువ్వాలు

మా ఆయన పోయాక కూడా ఆయన తువ్వాలు ప్రతి ఆదివారం మ్యాచ్‌కి వెళ్లింది. నేనే తీసుకెళ్లాను.

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఉన్నది ఒకటే గ్యాలరీ. గ్రౌండుకి పడమటి వైపు ఎనిమిది సిమెంటు మెట్లు, పైన రేకుల కప్పు. ఎదురుగా కాలవ గట్టు. ఐదో మెట్టు మీద రెండో స్తంభం పక్కన ఆయన, ఆయన పక్కన నేను. అక్కడ వాన కారదు, ఎండ పడదు, రెండు గోల్‌పోస్టులూ కనిపిస్తాయి. ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఫుట్‌బాల్‌కి వచ్చే మగాడు మా ఊళ్లో ఆయనొక్కరే. అందుకని మొదట్లో జనం ఆటని వదిలేసి మమ్మల్ని చూసేవారు. పాతికేళ్లలో అలవాటుపడ్డారు.

వానాకాలంలో ఒక మంగళవారం పొద్దున్న ఆఫీసుకి బూట్లు వేసుకుంటూ కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె అన్నారు. నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదంతే. వచ్చినవాళ్లందరూ నా మొహంలోకి తొంగి చూసి, "ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుద్ది" అని బతిమాలారు. వాళ్ల మీద నాకు చిరాకేసింది. పిలిస్తే వస్తుందా ఏడుపు? పంటి డాక్టరు ఇంజెక్షనిచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో మనిషినంతా అలాగే ఉన్నాను. అన్నం తిన్నాను, బట్టలు మడతపెట్టాను, పెన్షను కాగితాల మీద చూపించిన చోటల్లా సంతకం పెట్టాను.

గ్యాసు బండి అతను సిలిండరు దింపుతూ "సార్ లేరాండి?" అని అడిగితే "బయటికెళ్లారు" అన్నాను. బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి ఆయన కోసం ఫోన్ చేస్తే "స్నానం చేస్తున్నారమ్మా, తర్వాత చెయ్యి" అన్నాను. అబద్ధం చెబుదామని కాదు. నోరు దానంతట అదే అలా అనేసేది.

మూడో నెలలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఎర్రంచు తువ్వాలు తీసుకుని గ్రౌండుకి బయల్దేరాను. ఐదో మెట్టు మీద ఆయన చోట పరిచి, పక్కన నా చోట నేను కూర్చున్నాను. వెనక మెట్టు మీద ఒకావిడ నోరు నొక్కుకుని, "ఏడాదైనా తిరక్కుండా ఆటలకి బయల్దేరిందమ్మా" అంది. నేను వెనక్కి తిరిగి, "ఇంట్లో కూర్చుంటే నువ్వొచ్చి కబుర్లు చెప్తావేంటి?" అన్నాను. ఆవిడ ఆ తర్వాత ఆటే చూసింది. ఆ రోజు ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

తువ్వాలు మర్యాద మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. భీమవరం బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు మీదే. తర్వాత ఎక్కినవాళ్లు నిలబడే వస్తారు గానీ దాన్ని ముట్టుకోరు. మా గ్యాలరీలోనూ అంతే. టికెట్ల మీద నంబర్లు ఉండవు, ఎవరు ముందొస్తే వాళ్ల చోటు. గేటు దగ్గర ఉండే పెద్దాయన కింద నిలబడి మెట్ల వైపు ఒకసారి చూస్తాడు. ఖాళీ కనబడకపోతే టికెట్ల కిటికీ వైపు చెయ్యి ఊపుతాడు. వాళ్లు కిటికీ మూసేస్తారు. మా ఆయన నవ్వేవారు. "చూశారా టీచర్ గారూ, మన దగ్గర మనిషిని తోసేస్తారు గానీ తువ్వాలుని తొయ్యరు." ఇంట్లో కూడా నన్ను టీచర్ గారూ అనే పిలిచేవారు, వెటకారానికి.

రెండేళ్లుగా మా జట్టు గెలవడం మొదలెట్టింది. ఎప్పుడూ లేనిది మధ్యాహ్నం రెండింటికే టికెట్లకి లైను కడుతున్నారు. పాలకొల్లు నుంచి, తణుకు నుంచి మోటారు సైకిళ్ల మీద వస్తున్నారు. కిటికీ మూసేశాక మిగిలినవాళ్లు కాలవ గట్టెక్కి నిలబడి చూస్తారు. ఇది చూసి మా ప్రెసిడెంటు గారికి ఊపొచ్చింది. ఆయనవి రొయ్యల చెరువులు, ఏదైనా పెద్దగా చెయ్యాలంటారు.

కమిటీలో మా ఆయన మెంబరు. ఆయన పోయాక ఆ చోట్లో నా పేరు రాసేశారు, నన్నడగలేదు. మొదటి మీటింగుకి వెళ్తే బల్ల మీద పకోడీలు, వాటి పక్కన ఒక ప్లాను కాగితం ఉన్నాయి.

"పాత గ్యాలరీ పడగొట్టేసి దీనికి రెండింతలు కడదామండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "టికెట్ దొరక్క జనం గట్టు మీద నిలబడుతున్నారు. మనకే నామోషీ."

పడగొట్టేసి అన్న మాట దగ్గర నా చెయ్యి పకోడీ మీదే ఆగిపోయింది. ఐదో మెట్టు, రెండో స్తంభం. ఇల్లు నాకు ఆయన చోటులా అనిపించేది కాదు. ఇంట్లో ఆయన బూట్లు ఎవరో తీసేశారు, మంచం మార్చేశారు. నాకు మిగిలిన ఆయన చోటు ఆ గ్యాలరీలో జానా బెత్తెడు సిమెంటు. అది పోతే నేను ఎవరి పక్కన కూర్చోవాలి? ఇదంతా అక్కడ అనలేం కదా.

"గ్యాలరీ నిండిపోతోందని ఎవరు లెక్కపెట్టారండీ?" అన్నాను.

"కళ్లకి కనపడతంలేదా టీచర్ గారూ?"

"కళ్లకి కనపడిందల్లా లెక్క కాదండి. వచ్చే ఆదివారం నేను లెక్కపెడతాను. ఆ తర్వాత మాట్లాడదాం."

కాదనడానికి వాళ్లకి మొహమాటం అడ్డొచ్చింది. భర్త పోయినావిడ కదా.

ఆ ఆదివారం జంగారెడ్డిగూడెం జట్టుతో ఆట. నేను నోటుబుక్కు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేసరికి కిటికీ మూసేశారు. ఒకావిడ చేతిలో టిఫిన్ క్యారేజీ పట్టుకుని గేటు పెద్దాయన్ని బతిమాలుతోంది. "మావాడు జంగారెడ్డిగూడెం జట్టుకి గోలీ అండి, గోల్‌కీపరు. రెండు బస్సులు మారి వచ్చానండి. ఓ మూల కూర్చుంటానండి." పెద్దాయన పైకి చూపించాడు. "చూడమ్మా, ఎక్కడుంది చోటు?" ఆవిడ గేటు ఊచలు పట్టుకుని అక్కడే నిలబడింది. నా పనిలో నేను పైకి వెళ్లిపోయాను. ఆ రోజు నాకు జాలి కూడా వెయ్యలేదు, అదీ నిజమే.

ఆట మొదలయ్యాక పై మెట్టు నుంచి, మనిషి లేని చోటుకల్లా ఒక గీత గీస్తూ లెక్క మొదలెట్టాను. తువ్వాళ్లు, లుంగీలు, పైన రాయి పెట్టిన దినపత్రికలు, ఒక హెల్మెట్టు, ఒకచోట కేవలం ఒక చెప్పుల జత. ఆరో మెట్టు మీద ఒకాయన పక్కన వరసగా మూడు తువ్వాళ్లున్నాయి.

"ఇవెవరివండీ?"

"మా బావగారూ వాళ్లవండి. వచ్చేస్తారు."

"ఆట మొదలై అరగంటైంది."

"చెరువు దగ్గరున్నారండి. హాఫ్‌టైమ్‌కి దిగిపోతారు."

హాఫ్‌టైమ్ అయింది, టీలు తాగడం కూడా అయింది, బావగారు దిగలేదు. ఆ పక్కన ఇంకొకాయన రుమాలుకి రాయి పెట్టి కాపలా కాస్తున్నాడు. అది ఆయన స్నేహితుడిదట. ఆ స్నేహితుడు రాజమండ్రికి మకాం మార్చి రెండేళ్లయిందట.

"రాడని తెలిసి ఎందుకు వేస్తున్నావయ్యా, బుద్ధుందా?" అన్నాను.

ఆయన తల గోక్కుని, "తీసేస్తే బాగోదు కదండీ" అన్నాడు.

నేను పుస్తకంలో ఒక గీత గీసి కిందికి దిగాను. దిగితే ఐదో మెట్టు. ఎర్రంచు తువ్వాలు. వస్తూనే నేనే పరిచి వెళ్లాను. పెన్ను పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. గీత గియ్యలేదు. దాటేసి నాలుగో మెట్టుకి దిగిపోయాను.

ఇంటికొచ్చి గీతలన్నీ లెక్కేశాను. సుమారుగా మూడు చోట్లలో ఒకటి గుడ్డదే, మనిషిది కాదు. వచ్చిన మొత్తం ఒకటి తక్కువని నాకు తెలుసు. పిల్లలు ఇలాంటి తప్పు చేస్తే పేపరు మొహాన కొట్టేదాన్ని. చాలాసేపు కూర్చుని, చివరికి ఆ గీత కూడా గీశాను.

రెండో మీటింగులో లెక్క చదివాను. ఎవరూ పకోడీల మీద చెయ్యి వెయ్యలేదు. "ముందు తువ్వాళ్లు తియ్యండి" అన్నాను. "వట్టి మనుషులతోనే నిండి, అప్పటికీ గట్టు మీద జనం మిగిలితే పడగొట్టి కట్టుకోండి. అప్పుడు అడ్డం చెప్పను."

ప్రెసిడెంటు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "టీచర్ గారు చెప్పిందీ నిజమేనండి" అని ప్లాను మడిచేశారు. గ్యాలరీ మిగిలింది. నా గుండెల్లో ఏదో కదులుతుందేమోనని చూసుకున్నాను. ఏమీ లేదు.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ గేటు పెద్దాయన నీళ్లు నములుతూ, "మరి... ఐదో మెట్టు మీదది..." అన్నాడు.

"అబ్బా, నీకు సమయం సందర్భం ఉండదేంటయ్యా!" అని ప్రెసిడెంటు గారు కసిరారు. "ఆవిడది ఎవడూ ముట్టుకోకూడదు. అదలాగే ఉంటది."

అందరూ తలలూపారు, చాలా మర్యాదగా. ఇంత మంచివాళ్ల మధ్య నాకు ఒళ్లు మండిపోయింది. మూడు నెలల్లో నాకు తెలిసి వచ్చిన మొదటి కోపం అది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. థాంక్సండీ అని లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారానికి గేటు మీద బోర్డు పెట్టారు. తువ్వాలు వేసి చోటు పట్టరాదు అని. రెండు మూడు పోట్లాటలయ్యాయి. రాజమండ్రి స్నేహితుడి రుమాలు తీసేటప్పుడు ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకోవడం చూశాను. నెల తిరిగేసరికి సర్దుకున్నారు. గ్యాలరీ నిండా మనుషులే. భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ల మధ్య ఒకే ఒక్క తువ్వాలు. దానికి ముందు మెట్టు మీదా వెనక మెట్టు మీదా ఉన్నవాళ్లు అది తగలకుండా ఒదిగి కూర్చునేవారు. నేను ప్రతి శనివారం దాన్ని ఉతికి ఆరేసేదాన్ని. ఆయన వాసన అందులో ఎప్పుడో పోయింది, సబ్బు వాసనే వచ్చేది.

సెమీఫైనల్స్‌లో మళ్లీ జంగారెడ్డిగూడెం వాళ్లతోనే పడింది. ఆ రోజు మెట్టు మెట్టూ కిక్కిరిసింది. ఆట మొదలవబోతుండగా టిఫిన్ క్యారేజీతో ఒకావిడ మెట్లెక్కుతూ కనిపించింది. గోలీ వాళ్లమ్మ. ఈసారి టికెట్ దొరికింది గానీ చోటు దొరకలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఐదో మెట్టు దగ్గర ఆగి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారాండి?" అంది.

నేను నోరు తెరిచేలోపే ముందు మెట్టాయన, వెనక మెట్టావిడ ఒక్కసారే అన్నారు. "అది ఖాళీ లేదమ్మా. పైకెళ్లు, పైకెళ్లు." వెనక మెట్టావిడ అంటే, నేను ఆ రోజు నోరు మూయించానే, ఆవిడే. ఇప్పుడు నా తరఫున కాపలా కాస్తోంది.

గోలీ వాళ్లమ్మ తువ్వాలు వైపు చూసి, "సరేలెండి" అని కదిలింది. కింద వాళ్లబ్బాయి గోల్‌పోస్టు దగ్గర నిలబడి చేతులు దులుపుకుంటూ మెట్ల మీద వాళ్లమ్మ కోసం వెతుకుతున్నాడు.

"ఖాళీయేనండి, కూర్చోండి" అన్నాను. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆవిడ కూర్చుంది. ఆవిడ భుజం నా భుజానికి తగిలింది. మూడు నెలలు, ఆ పైన ఇంకో నెల, అటువైపు నాకు గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఎదురుగా చూస్తే గట్టు మీద జనం అలాగే ఉన్నారు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. గ్యాలరీ మనుషులతో నిండింది, అయినా మిగిలారు. నా లెక్కే నాకు సమాధానం చెప్పింది. ఇది పడగొట్టాల్సిందే.

ఆవిడ టిఫిన్ క్యారేజీ కాళ్ల దగ్గర సర్దుకుంటూ మొహమాటంగా అడిగింది. "మీవారి కోసం పెట్టుకున్నారేమోనండి. వస్తే లేచిపోతానులెండి."

"రారండి" అన్నాను. "పోయారు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అన్నాక, చెప్పాపెట్టకుండా ఏడుపొచ్చింది. చుట్టూ మా వాళ్లు గోల్ అని ఏదో అరుస్తున్నారు, నేను ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నాను. ఆవిడ, వాళ్లబ్బాయి మీదికి బంతి వచ్చినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదిలింది, మళ్లీ పట్టుకుంది.

ఆట అయ్యాక ప్రెసిడెంటు గారు మెట్లెక్కి వచ్చి నా మొహం చూసి కంగారుపడ్డారు. "ఏమైందండీ టీచర్ గారూ?"

"ఏం లేదు. గట్టు మీద ఇంకా జనం ఉన్నారు, చూశారుగా. కట్టండి" అని, ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాను.