చదివి వినిపించడమైనది

ఫోన్‌కి చెబితే చాలు, అఫిడవిట్ అదే రాసిపెడుతుందని మా కోర్టు వరండాలో అందరూ తెగ మురిసిపోతున్న రోజులవి. నేనూ మురిశాను. ఇరవై ఏళ్లుగా తిరువూరులో ప్లీడరీ చేస్తూ, ఇంగ్లీషు డ్రాఫ్టులు రాసీ రాసీ వేళ్లు అరగదీసుకున్నదాన్ని, మురవనా మరి! ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వినగడప నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు. మూడెకరాల మామిడి తోట మీదే బతుకు. తోటలోకి వెళ్లే బాట ఆవిడ బావగారి పొలంలోంచి పోతుంది. అన్నదమ్ములు పంచుకున్న నాటి నుంచీ అందరూ నడిచిన బాటే. ఈ ఏడు సరిగ్గా కాయ కోతకొచ్చే వేళకి ఆయన ఆ బాటకి అడ్డంగా ముళ్లకంచె వేశాడు. ట్రాక్టరు లోపలికి పోదు, కాయ బయటికి రాదు.

"కేసు ఎప్పుడు తేలితే అప్పుడే తేలనీండమ్మా. ముందు కంచె తీయించండి. ట్రాక్టరు మాట్లాడుకున్నాను, కూలీలు కూడా రేపంటే రేపు వస్తారు. కోత దాటిపోతే ఈ ఏడు నాకు గింజల్లేవు," అంది.

అంటే కోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు కావాలి, అదీ వెంటనే. ఆవిడ చెప్పినదంతా ఫోన్‌లో ఏఐకి చెప్పాను. ఆవిడ టీ తాగేలోపు నాలుగు పేజీల ఇంగ్లీషు వచ్చేసింది. ఏం భాష! విజయవాడలో పెద్ద పెద్ద సీనియర్లు కూడా అలా రాయరనిపించింది. పైపైన చూసి ప్రింటు తీశాను.

చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించే ముందు, ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులో చెప్పాలి. ‘చదివి వినిపించడమైనది, సరి అని ఒప్పుకున్నారు’ అనే అర్థం వచ్చే ముక్క ఒకటి కాగితం చివర ఉంటుంది. దాని కింద సంతకం ప్లీడరుది. నాకు పని నేర్పిన సీనియర్ గారు ఒక్కో వాక్యం చదివి, "ఇది మీరు చెప్పిన మాటేనా?" అని అడిగి, అవునన్నాకే తరవాతి వాక్యానికి వెళ్లేవారు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ ఈ నసేంట్రా బాబూ అని లోలోపల విసుక్కునేదాన్ని.

పెద్దావిడ వేలికి సిరా అద్దుకుని, "చదవరామ్మా?" అని అడిగింది.

"మీరు చెప్పిందే కదా పిన్నిగారూ, కొత్తగా ఏముంటుంది? కోర్టు టైమైంది, వేసేయండి," అన్నాను.

వేసింది. కింద నేను సంతకం పెట్టాను.

వాయిదా రోజున అవతలి ప్లీడరు గారు లేచి, రెండో పేజీ తీసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఈ బాట రిజిస్టరు పంపకాల దస్తావేజులో రాసి ఉందన్నారు. ఏదండీ ఆ దస్తావేజు?"

దస్తావేజేంటి? ఆ కుటుంబంలో పంపకాలు పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగాయి. ఆవిడ నాకు చెప్పిందీ అదే, నేను ఫోన్‌కి చెప్పిందీ అదే. ఏఐ తన సొంత తెలివి ఉపయోగించి ఆ నోటిమాటకి రిజిస్ట్రేషన్ చేయించేసింది!

జడ్జిగారు పెద్దావిడని ముందుకు పిలిచారు. "దస్తావేజు ఉందా అమ్మా?"

"లేదండి. నోటిమాటే."

"మరి ఉందని రాసిన దాని మీద వేలిముద్ర ఎలా వేశారు? మీ ప్లీడరు గారు చదివి వినిపించలేదా?"

ఆవిడ నా వైపు చూసింది. "వినిపించారండి," అంది. "నాకే సరిగ్గా వినపడలేదు."

ఆ మాటతో నేను తప్పించుకుంటాను. ఆవిడేమో తెలిసి తెలిసి అబద్ధపు ప్రమాణం చేసిన మనిషవుతుంది. ఏడాది తిండి పోతుందని తెలిసి కూడా నా పరువు కోసం అబద్ధమాడింది పిచ్చితల్లి. నాకు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది, ఆవిడ మీద కూడా.

"చదవలేదు సార్," అన్నాను లేచి. "ఏఐ చేత రాయించాను. నేనూ సరిగ్గా చదవలేదు, ఆవిడకీ వినిపించలేదు. తప్పు నాది."

జడ్జిగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఈ అఫిడవిట్ మీద ఉత్తర్వు ఇవ్వలేనని, కొత్తది వేయమని, రెండు వారాలు వాయిదా వేశారు. ఇంకా ముందుకి జరపమని బతిమాలాను. అవతలివాళ్లు జవాబు రాసుకోవద్దా అన్నారు. అదీ న్యాయమే, ఏమంటాం!

బయటికొచ్చి ఆ దస్తావేజు ఎక్కడిదని ఫోన్‌ని అడిగాను. "క్షమించండి, ఆ వివరం మీరు ఇవ్వలేదు" అని ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. ఒళ్లు మండిపోయింది. కానీ దాన్ని తిట్టి ఏం లాభం? అది సంతకం పెట్టలేదు కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ నాలుగు పేజీలూ అప్పుడు చదివాను. ఇంకో రెండు తప్పులు దొరికాయి. "అందరం వాడుతున్నాం, నీ టైం బాలేదంతే," అని ఓదార్చబోయాడో తోటి ప్లీడరు. టైం కాదు, నా బుద్ధే బాలేదని కసిరాను.

కొత్త అఫిడవిట్‌లో సంగతులన్నీ నా చేత్తో నేనే రాశాను. ఏఐని మానలేదు. పేర్లూ సర్వే నంబర్లూ తీసేసి, ఇంగ్లీషు దిద్దడానికి మాత్రం ఇచ్చాను. దిద్దిన ప్రతి మాటా నా రాతతో సరిచూసుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే పెద్దావిడ షేర్ ఆటోలో వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను.

"ఇది మీరు చెప్పిన మాటేనా పిన్నిగారూ?"

"నేను చెప్పిందేనమ్మా."

అలా ఒక్కో వాక్యం దాటుకుంటూ ఏడో పేరాకి వచ్చాం. "తోటలో కాయ కోతకు సిద్ధంగా ఉన్నది," అని చదివాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అది కొట్టేయండమ్మా," అంది. "చెప్పింది నేనే. కానీ రాత్రి మా వైపు గాలి కొట్టింది. ఇప్పుడు చెట్ల మీద ఏం లేదు."