మా అత్త నేర్పిన మధ్యస్థం

“అక్కా, అత్త ఎల్లిపోనాది. నిద్దట్లోనే పోనాది. ఏ బాధా పడనేదు.”

గత నెల ఒక ఉదయం బరంపురం నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసి చెప్పిన మాటలివి. ఛత్రపూర్‌లో మా ఇంటి గుమ్మంలో అలాగే కూర్చుండిపోయాను. ముందు ఏడుపు రాలేదు. గుండె తేలికపడింది. ఊపిరి అందక, నడుం వాల్చలేక, ఎన్నాళ్లుగానో దిండ్లకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్న మనిషి చివరికి పడుకుని, నిద్రలో వెళ్లిపోయింది. ఆ తేలికకు ఇంకో కారణం కూడా ఉంది. అది తెలియాలంటే మా అత్త ఆడించిన ఆట గురించి చెప్పాలి.

అత్త మా నాన్నకు, చిన్నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. గంజాం ఊళ్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఒకసారి ట్రైనింగ్ కోసం భువనేశ్వర్ వెళ్లినప్పుడు, తోటి టీచరు ఇంట్లో పిల్లలు ఆడుతున్న ఆట చూసి ముచ్చటపడి, నేర్చుకుని, రకరకాల ముఖాలున్న పాచికలు కొని తెచ్చింది. ఆ ఆటకు గళ్లు లేవు, పందెం లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు అందులో తలా ఒక పాత్ర అవుతారు. ఏం చేస్తారో వాళ్లే చెప్పి పాచిక వేస్తారు. రాక్షసులుంటారు, మంత్రాలుంటాయి. అన్నిటికన్నా ముందు మన పాత్ర స్వభావం చెప్పాలి: మంచిదా, చెడ్డదా, రెంటికీ మధ్యస్థమా?

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు అత్త ఇంట్లో చాప మీద ముగ్గురం చేరేవాళ్లం. నేను, చిన్నాన్న కూతురు, అత్త పక్కింటి ఒడియా అమ్మాయి. ఆ అమ్మాయి ఎప్పుడూ ధర్మం తప్పని యోధురాలే. మా చెల్లి కావాలని చెడ్డ దొంగ వేషం కట్టేది. అత్త ఏమీ అనేది కాదు. “సెడ్డోల్లకీ ఆకలేస్తాది గదా, ఆడనీ” అనేది. నేను మాత్రం ప్రతిసారీ మధ్యస్థమే. నాది మూలికలు నూరి వైద్యం చేసే ముసలమ్మ పాత్ర.

ఒకసారి కథలో కొండకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లు ఒక ఊట కోసం కొట్టుకుంటున్నాయి. నేను కొండెక్కి కూర్చున్నానని చెప్పాను.

“ఎందుకెక్కినావే?” అంది అత్త.

“నేను మధ్యస్థం కదత్తా. ఎవరి జోలికీ ఎల్లను.”

“అది మధ్యస్థం కాదే తల్లీ, దూరం. మద్దెనుండాలంటే రెండేపులకీ దగ్గరుండాలి.”

అంతకు మించి తిట్టలేదు. “హఉ, కూకో” అంది. ‘సరే’ అనాల్సినప్పుడల్లా అత్త నోట ఒడియా ‘హఉ’యే వచ్చేది. కథ కింద ఊళ్లలో నడిచింది. పాచిక నా దాకా రానేలేదు. టీ తాగేశాక ఇక ఉండబట్టలేక, దిగుతానన్నాను.

“ఎవులేపు?”

“దెబ్బలు తగిలినోల్లేపు.”

అత్త నవ్వి పాచిక నా చేతిలో పెట్టింది.

మేం కాలేజీలో ఉండగా మా ఇళ్లే ఆ రెండు ఊళ్లయ్యాయి. మా నాన్న, చిన్నాన్న కలిసి బరంపురంలో మిరపకాయలు, చింతపండు టోకున అమ్మేవారు. దుకాణం హైవే పక్కకు మార్చాలని నాన్న, వద్దని చిన్నాన్న. కూలీల ముందే మాటలు మీరాయి. దుకాణం మధ్య గోడ లేచింది. ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు.

అత్త మాత్రం రెండు గడపలూ తొక్కింది. సెలవులొస్తే పగలు ఒక ఇంట్లో తినేది, రాత్రి ఇంకో ఇంట్లో. ఇక్కడి మాటలు అక్కడ మోస్తోందని రెండిళ్లలోనూ అనుమానమే. ఆవిడ ఒక్క మాటా మోయలేదు. నాన్న విసుక్కున్నా, చిన్నాన్న మొహం తిప్పుకున్నా, పెట్టింది తిని “కూర బాగుందొదినా” అని లేచేది.

కొన్నేళ్లకు చిన్నాన్న ఇంట్లో మా చెల్లి పెళ్లి కుదిరింది. ఇంట్లో ఎవరూ వెళ్లడానికి వీల్లేదన్నాడు నాన్న. పెళ్లినాటి ఉదయం అత్త పట్టుచీరతో వచ్చి నాన్న కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

“అన్నయ్యా, ఇన్నాల్లూ నేను మద్దెనే ఉన్నాను. ఈ ఒక్క మాటకాడ ఉండను. ఆ పిల్ల నీకేటి సేసింది?”

“అయితే ఆడి పక్కకెల్లిపోనావా?”

“ఆడి పక్క కాదు. పిల్ల పక్క.”

అత్త కదల్లేదు. అమ్మ తలుపు దగ్గర కొంగు నలుపుతూ నిలబడింది. చివరికి నాన్న లోపలికి వెళ్లాడు. కోపం వచ్చి తలుపేసుకుంటాడనుకున్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఆ పెళ్లిలో అన్నదమ్ములు పలకరించుకోలేదు. కానీ అప్పగింతలప్పుడు మా చెల్లి వచ్చి మా నాన్న కాళ్ల మీద పడి లేవకపోతే, ఆయనే లేపి కళ్లు తుడిచాడు. అది చూసిన చిన్నాన్న ఆ ఏడు సంక్రాంతికి మా ఇంటికి అరిసెలు పంపాడు. అలా ఒక్కొక్కటే. అత్తకు జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. “తిన్నావేటి?” అని నాన్న అడగడం, “నేదన్నయ్యా, నువ్వు?” అని చిన్నాన్న అనడం మంచం మీంచి అత్త విన్నది. కళ్లు మూసుకునే ఉంది గానీ, నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

ఆ మాటలు విని వెళ్లింది. నా తేలికకు రెండో కారణం అదే.

అస్థికలు కలపడానికి ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వెళ్లాం. నీళ్లలో ఇసుక కాలి కింద జారుతోంది. చిన్నాన్న నాన్న మోచెయ్యి పట్టుకుని దింపాడు, అలాగే గట్టు దాకా తీసుకొచ్చాడు. ఒడ్డెక్కాక తడిసిన పంచె చిన్నాన్న కాళ్లకు చుట్టుకుంటే, నాన్న తన మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, ఆ అంచు విడదీసి, నీళ్లు పిండాడు. చిన్నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, పిండటం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.