రెండోసారి అడగలేదు

ఆలింగ్ ఇసింగ్, అంటే మా ఇసింగమ్మ, గడప తొక్కి తినకుండా వెళ్లిన మనిషి మా ఫిలిప్పీన్స్ తీరంలో హగొనొయ్ చుట్టుపక్కల లేడు. ‘తినండి’ అంటుంది. వద్దంటే మళ్లీ అంటుంది. అప్పటికీ వద్దంటే మూడోసారికి పళ్లెం చేతిలో పెట్టేస్తుంది. మాలో పద్ధతే అది. మొదటి పిలుపుకే చెయ్యి చాచేవాడు ఆబగొట్టు, మొదటి ‘వద్దు’కే ఊరుకునేవాడు పీనాసి.

పెట్టడంలో ఎంత ధారాళమో, పుచ్చుకోవడంలో ఇసింగ్‌ది అంత మొహమాటం. పెళ్లి సంగతే చూడండి. చేపల చెరువు కాపలాదారు పిలో గట్టు మీద ఆమెను ఆపి, నన్ను చేసుకుంటావా అని అడిగితే, “వద్దులే, నీకెందుకీ గుదిబండ” అంది. నెల పోయాక మళ్లీ అడిగాడు. వద్దంది. మూడోసారికి తలూపింది.

“మొహమాటానికి పోతే కడుపయిందట! అతను మూడోసారి అడక్కపోతే ఏం చేసేదానివే?” అని ఆడవాళ్లు ఏడిపించేవారు.

“అడక్కుండా ఎలా ఉంటాడు? మనిషేగా!” అనేది ఇసింగ్.

ముప్ఫై ఏళ్లు ఇద్దరూ సముద్రం ఒడ్డున వెదురు ఇంట్లో కాపురం చేశారు. నేల కుంగుతూ వచ్చింది, నీళ్లు లేస్తూ వచ్చాయి. మొదట పెరట్లో సంతోల్ చెట్టు చచ్చింది, తర్వాత నేల పలకలు ఊడాయి. చివరికి సర్కారు వాళ్లు ఊరినంతా తీసుకొచ్చి అగ్గిపెట్టెల్లాంటి వరస ఇళ్లలో పడేశారు. చెరువు లేని చోట కాపలాదారుకి పనేముంటుంది? పిలో గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే ట్రైసికిళ్లను చూసేవాడు.

కరోనా రోజుల్లో మేనకోడలు రోవెలిన్ అతని ఫోనులో ఒక ఆట పెట్టింది. అందులో ఒక లోకం ఉంది, ఆ లోకంలో స్థలాలు అమ్ముతారు. క్రిప్టో కడితే నీ పేరున ఒక టోకెన్ ముద్రించి ఇస్తారు, అదే పట్టా. వీధిలో కుర్రకారంతా లాభానికి అమ్ముకోవడానికి కొన్నారు. పిలో మాత్రం నీటి పక్కన ఒక ముక్క కొని, మునిగిపోయిన తన ఇల్లు అక్కడ మళ్లీ కట్టాడు. అదే వెదురు నేల, అదే నీళ్ల కుండ, కాయలతో సంతోల్ చెట్టు. తలుపు తోస్తే అతని గొంతు పలికేది: “ఇసింగ్, తిన్నావా?” ఆ మాట రికార్డు చేసేటప్పుడు పక్కింటి కోడిపుంజు కూసింది. పిలో ఫక్కున నవ్వాడు. ఆ నవ్వూ అందులోనే ఉండిపోయింది.

“నీళ్లలో పోయిన ఇల్లు చాలదా, గాలిలో ఇంకోటి కట్టావా పిచ్చోడా!” అని తిట్టింది ఇసింగ్. తిట్టి, తన ఫోనులో కూడా అది పెట్టించుకుంది.

ఊపిరితిత్తుల జబ్బుతో పిలో పోయాడు. ఆ వానాకాలమే వరద వచ్చి అతని ఫోనూ, ఫోటోలూ పట్టుకుపోయింది. గొంతు ఆ గాలి ఇంట్లోనే మిగిలింది. రోజూ మధ్యాహ్నం అరిటాకుల్లో చుట్టిన సుమాన్ తీపి ముద్దలు అమ్ముకుని వచ్చాక, ఇసింగ్ కాళ్లు చాపుకుని కూర్చుని ఆ తలుపు తోసేది. “తిన్నాను” అని జవాబు చెప్పేది. తినకపోయినా అలాగే చెప్పేది.

మూడేళ్లు గడిచాయి. ఆట నడిపే కంపెనీకి ఏం పురుగు కుట్టిందో, పాత స్థలాలన్నీ రద్దు, నెలాఖరులోగా కొత్త టోకెన్లు ముద్రించుకోండి అంది. రోవెలిన్ ఆదరాబాదరాగా వచ్చి, తను టియా అని పిలిచే అత్త ఫోనులో ఒక ఏఐ ఏజెంటును పెట్టింది.

“నాకు డ్యూటీ టైమైంది టియా. నువ్వు మామూలుగా మాట్లాడితే చాలు. అదే వాలెట్ తెరిచి అన్నీ చేసేస్తుంది.”

“ఆయన్ని ఏమని పిలవాలే?”

“ఆయనేంటి టియా, అది మిషను!” అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఇసింగ్ జుట్టు సర్దుకుని ఫోను ముందు కూర్చుంది. “అయ్యా, మా ఆయన స్థలం కొత్తదానిలోకి మార్చిపెట్టాలండి.”

“తప్పకుండా అండి. పాత స్థలం మీదున్న ఇల్లు, చెట్లు, శబ్దాలు కూడా తీసుకురమ్మంటారా? దానికి ఇంకొంత సమయం, కొంచెం ఎక్కువ క్రిప్టో పడుతుంది.”

ఇసింగ్ ఫోను దగ్గరికి జరిగింది. దానికోసమేగా ఇదంతా! కానీ ముక్కూమొహం తెలియనివాడు, తన పని చేసిపెడుతున్నవాడు. అడగ్గానే ఊఁ అనేస్తే ఏం బాగుంటుంది?

“అయ్యో, వద్దులెండి. మీకెందుకండీ అంత శ్రమ!”

అని, ఫోనులోని ఆయన మళ్లీ అడిగేలోగా కాఫీ కలుపుకుందామని లేచింది. తిరిగొచ్చేసరికి ఏజెంటు అంటోంది: “పూర్తయిందండి. మీరు కోరినట్టు ఖాళీ స్థలం ముద్రించాను. పాత టోకెన్ నాశనం చేశాను.”

ఇసింగ్ ఆట తెరిచింది. పచ్చటి నేల, పక్కన నీళ్లు. తోయడానికి తలుపు లేదు.

సాయంత్రం సంగతి విని రోవెలిన్ నెత్తి కొట్టుకుంది. “వద్దని ఎందుకన్నావ్ టియా? ఎందుకన్నావ్?”

“ఇంకోసారి అడుగుతాడు కదా అనుకున్నానే.”

రోవెలిన్ అత్తను పట్టుకుని ఏడ్చేసింది. అదే వీధిలో ఉండే నేనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను, నాకూ ఏడుపు ఆగలేదు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వారం తర్వాత రెండు ముక్కల జవాబొచ్చింది: నాశనమైన టోకెన్‌తో పాటు దాని మీదివన్నీ పోతాయి, తిరిగి రావు.

ఆ మధ్యాహ్నం ఇసింగ్ మళ్లీ ఫోను ముందు కూర్చుంది.

“మీకు ఏమైనా సాయం కావాలా అండి?” అంది ఏజెంటు.

“కావాలి.” పుట్టి బుద్ధెరిగాక మొదటి పిలుపుకే ఆ మాటనడం ఆమెకు అదే మొదలు. “మా ఇల్లు కావాలండి. మా ఆయన గొంతు కావాలి. ఎంత శ్రమైనా సరే, తెచ్చిపెట్టండి.”

“క్షమించండి, అవి తిరిగి తేలేను. ఆ ఖాళీ స్థలంలో మీకొక కొత్త ఇల్లు కట్టమంటారా?”

“వద్దు” అంది ఇసింగ్. ఈసారి నిజంగానే వద్దంది.