ఫోర్‌హ్యాండ్‌కే వేసే మనిషి

పటమటలోని ఒక క్లబ్బులో పీరు ముప్పై ఏళ్లుగా టెన్నిస్ మార్కర్. జత దొరకని మెంబర్లతో ఆడటం అతని ఉద్యోగం. ఆడటమంటే గెలవడం కాదు. బంతిని మెంబరు ఫోర్‌హ్యాండ్‌కి, అంటే కుడిచేతి వైపుకి, నడుం ఎత్తులో, తీరిగ్గా కొట్టుకునేలా పంపడం. టెన్నిస్‌లో కొత్తవాళ్లు వరసగా నాలుగు బంతులు వల దాటించాలంటే ఆరు నెలలు పడుతుంది. అవతల పీరు ఉంటే మొదటి వారమే దాటిస్తారు.

"ఇవాళ బాగా పడుతోందయ్యా" అనేవారు మెంబర్లు, చెమట తుడుచుకుంటూ.

"చాలా బాగుంది సార్" అనేవాడు పీరు.

నిరుడు ఒక టెన్నిస్ కోర్టు చెరిపి నాలుగు పికిల్‌బాల్ కోర్టులు గీశారు. తేలికపాటి ప్యాడిల్, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి. మోకాళ్లు అరిగినవాళ్లు, ఏనాడూ ఏ ఆటా ఆడనివాళ్లు గంటలో నేర్చుకుని, నలుగురూ కబుర్లాడుకుంటూ ఆడేస్తున్నారు.

"ఈ ఆటలో మార్కర్ పని బంతే చేసేస్తోందమ్మా" అన్నాడు పీరు, కూతురు ఆస్మాతో. బాధగా అనలేదు. అతని మోకాళ్లకీ ఆ ఆటే హాయిగా ఉంది.

ఆదివారం పికిల్‌బాల్ జతల పోటీ, సిబ్బంది కుటుంబాలూ ఆడొచ్చని క్లబ్బువాళ్లు బోర్డు పెట్టారు. బ్యాంకులో పనిచేసే ఆస్మా ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది.

"నువ్వు గెలవగా నేను ఒక్కసారీ చూడలేదు నాన్నా. ఈసారి చూడాలి."

మొదటి మ్యాచ్ రైసుమిల్లు వెంకటసుబ్బారావు గారితో, ఆయన కోడలు సుస్మితతో. పదకొండు పాయింట్ల ఆటలో తండ్రీకూతుళ్లు రెండు దగ్గర ఉండగానే అవతలివాళ్లు ఏడుకి వెళ్లిపోయారు. పీరు చెయ్యి అతని మాట వినడం లేదు. ప్రతి బంతీ వెంకటసుబ్బారావు గారి ఫోర్‌హ్యాండ్‌కే, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు.

"మీ నాన్నగారు మా టీమే ఆస్మా!" సుస్మిత నవ్వింది.

ఆస్మా తండ్రిని పక్కకి లాగింది. "అంకుల్‌తో ఇరవై ఏళ్లు ఆడావు కదా. ఆయనకి ఏది రాదు?"

ఏ మెంబరుకి ఏది రాదో పీరుకి తెలుసు. తెలుసు కాబట్టే అటు బంతి వెయ్యడు. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పని సంగతి.

"చెప్పు నాన్నా!"

"బ్యాక్‌హ్యాండ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఎడమ పక్కకి వేస్తే అస్సలు రాదు."

ఆస్మా ఇక బంతులన్నీ అటే వేసింది. పీరు మాత్రం వెయ్యలేకపోయాడు. అయినా తండ్రీకూతుళ్లు పది–తొమ్మిదితో ముందుకొచ్చారు, సర్వీసూ వీళ్లదే. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపే. ఈసారి బంతి పీరు ముందుకే మెల్లగా లేచింది. చెయ్యి అలవాటుగా ఫోర్‌హ్యాండ్ వైపు కదిలింది. ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పాడు. ఎడమ పక్కకి దూసుకెళ్లిన బంతి కోసం వెంకటసుబ్బారావు గారు ప్యాడిల్‌తో గాలిని కొట్టారు.

"సారీ సార్!" అనేశాడు పీరు.

ఆస్మా వేసిన కేకకి పక్క కోర్టులో ఆట ఆగిపోయింది.

వెంకటసుబ్బారావు గారు వల దగ్గరికి వచ్చారు. "ఏమయ్యా, నా బ్యాక్‌హ్యాండ్ ఇంత అధ్వానమా?"

"అంటే... అటు బంతి ఎప్పుడూ రాలేదు కదండీ."

"ఇరవై ఏళ్లు దాచావటయ్యా! రేపు ఆరింటికి రా. అన్నీ ఇటే వెయ్యి."

"ముందు రెండో మ్యాచ్ ఆడుకోనివ్వండి అంకుల్" అంటూ ఆస్మా తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

నాలుగడుగులు వేశాక పీరు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తర్వాతి జతలో పొడుగాయన ఉన్నాడు చూడు. పాదాల దగ్గర వేస్తే ఆడలేడు."