కూర్చొని రాయాల్సిన పరీక్ష

మా ముత్తాత జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లకు పెద్దరెడ్డి. ఆయన కొడుకు, మేము అబ్బ అని పిలుచుకునే మా తాత, తాలూకా బోర్డులో కూర్చున్న మనిషి. పులివెందుల వైపు నుంచి కూడా పొలం గట్ల తగాదాలు మా పడసాలకే వచ్చేవి. వీధివైపున్న ఆ పెద్ద గదిలో అబ్బ ఒక మాట అంటే అది తీర్పు. ఆ మాటకు ఎవరూ ముద్ర అడగలేదు. మూడేళ్లకొకసారి దాన్ని కొత్తగా రాయించుకొమ్మనీ అనలేదు.

నా పనికి మాత్రం ముద్ర కావాలట. ఇరవై ఏళ్లకు దగ్గరగా సర్వర్లు చూశాను, చివరి కొన్నేళ్లు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే. పోయిన ఏడాది మా మేనేజరు ఫోన్ చేశాడు. మూడేళ్లకొకసారి కొత్తగా తెచ్చుకోవలసిన క్లౌడ్ సర్టిఫికెట్ లేనివాళ్లను కొత్త క్లయింటు ఒప్పుకోవడం లేదు, నెలాఖరులోగా తెచ్చుకోకపోతే ఉద్యోగం ఉండదు అన్నాడు.

"చిన్న పరీక్షే సార్. అందరూ పాసవుతున్నారు."

అందరూ ఎట్లా పాసవుతున్నారో ప్రొద్దుటూరులో చూశాను. బంగారు అంగళ్ల వీధిలో మేడమీద కోచింగ్ సెంటరు. మెట్ల దగ్గర ఫ్లెక్సీ, దాని నిండా అరువు కోట్లు తొడుక్కున్న పాసైనవాళ్ల ఫోటోలు. పైన చదువు చెప్పేదేమీ లేదు. బయటికి పొక్కిన ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టిస్తారు.

"క్లౌడంటే ఏందని అడగొద్దు సార్" అన్నాడు అక్కడి మాస్టరు. "మూడో ప్రశ్నకు బి, నాలుగోదానికి డి. అంతే."

"ప్రశ్న మారితే?"

"యాడ మారుతుంది సార్? మీరు శానా ఆలోచిస్తాండారు. ఆలోచించేటోళ్లే ఫెయిలయ్యేది."

మెట్లు దిగి వచ్చేశాను. నా అంతట నేనే చదువుకున్నాను.

పరీక్ష ఇంట్లోనే, కంప్యూటరు కెమెరా ముందు. ఇంటర్నెట్ సరిగ్గా అందేది పడసాలలోనే కనుక బల్ల అక్కడే వేసుకున్నాను. ముఖం చూపని పర్యవేక్షకుడొకడు తెరమీద ఆజ్ఞలు రాయసాగాడు. బల్ల కింద చూపించు. చొక్కా చేతులు మడుచు. చెవులు చూపించు. గోడమీద పటం తీసెయ్యి. అబ్బ పటాన్ని దించి పక్కగదిలో పెట్టి వచ్చాను. సంతలో ఎద్దు పళ్లు చూసేవాడికైనా ఇంతకంటే మర్యాద ఉంటుంది. గదిలోకి ఎవరూ రాకూడదు, కెమెరా ముందునుంచి కదలకూడదు అన్నది చివరి ఆజ్ఞ.

మా పడసాల తలుపుకు పగటిపూట గడియ వేయరు. తగాదా మోసుకొచ్చినవాడు మూసిన తలుపు చూసి తిరిగిపోకూడదు. తగాదాలిప్పుడు పోలీస్ స్టేషనుకు పోతున్నాయి, అయినా వేయం. ఆ రోజు నా భార్య వేస్తానంటే నేనే వద్దన్నాను.

సగం ప్రశ్నలయ్యాక ముద్దనూరు మామ లోపలికి వచ్చాడు. మా నాయనకు మేనత్త కొడుకు, ఎనభై దాటినవాడు.

"ఏందప్పా, ఒక్కనివే టీవీ చూస్తాండావు?"

లేచి నిలబడి చేతులు జోడించాను. పెద్దవాడు నిలబడి ఉంటే ఆ గదిలో మావాళ్లెవరూ కూర్చున్నది లేదు.

"పరీక్ష రాస్తాండా మామా."

"ఈ వయసులో పరీక్షలేందప్పా! మీ అబ్బను ఎవుడన్నా అడిగినాడా, నువ్వు పాసా ఫెయిలా అని?"

తిరిగి చూసేసరికి, కెమెరా ముందునుంచి లేచినందుకు పరీక్ష రద్దయిందని తెరమీద ఉంది. మళ్లీ రాయాలంటే నెలాఖరు దాటాలి.

మామ కాఫీ తాగి వెళ్లాక నా భార్య అందుకుంది. "కూర్చోనే దండం పెడితే మామ కొడ్తాడా?"

"కూర్చొని పెట్టేది దండం కాదు."

"అయితే నిలబడే ఉండండి ఇంగ."

సంగతి చెబితే మేనేజరు ఫోన్‌లో నవ్వాడు. "ఎవరో వస్తే లేచారా సార్?" పరీక్ష పెట్టినవాళ్లకు క్షమాపణ రాస్తే మరో అవకాశం వెంటనే ఇస్తారు, తాను మాట్లాడతాను అన్నాడు. పెద్దవాడికి లేచి నిలబడినందుకు క్షమాపణ! నేను రాయలేదు.

నా చోటికి సర్టిఫికెట్లున్నవాడొకడు వచ్చాడు. కొన్నాళ్లకే సర్వరు ఆగిపోయి, ఏం చేయాలో తోచక నాకే ఫోన్ చేశాడు. "బి నొక్కి చూడు" అని పెట్టేశాను.

జీతం ఆగిపోయింది. పులివెందుల దారిలో మాకు మిగిలిన చీనీ తోటను ఆ వేసవిలో బత్తాయి కాయలతో సహా అమ్మేశాము.